చెప్పు జారినా తెలియని పాదం

నిజామాబాదు నుంచి బోధన్ వెళ్ళే రోడ్డు మీద ఒకప్పుడు చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి. 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అది నడుస్తున్న రోజుల్లోనే, నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, చెరకు నరికే కూలీ ఒకామె పదకొండేళ్ళ కొడుకును తీసుకొచ్చింది.

"వీనికి సోయి లేదు సారూ! చెప్పు జారిపోయినా చూస్కోడు. మూడు జతలు పోగొట్టిండు. కొట్టిన గూడ" అన్నది.

సోయి లేనిది పిల్లవాడికి కాదు, పాదానికి. కళ్ళు మూసుకోమని దూదితో తాకితే పాదం పైన ఎక్కడా చెప్పలేకపోయాడు. పాదం పైకి లేవడం లేదు. తొడ మీద పాలిపోయిన మచ్చ. దాన్ని తామర అనుకుని ఏడాదిగా మలాం రాస్తున్నారట. అది కుష్ఠువ్యాధి. మందులతో జబ్బు నయమైంది కాని, వేలాడే పాదం పూర్తిగా కోలుకోలేదు.

ఈ జబ్బుకు ఈ జిల్లాలో చికిత్స కొత్తది కాదు. నిజామాబాదులో సికింద్రాబాదు రైలెక్కితే కాసేపట్లో డిచ్‌పల్లి వస్తుంది. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆస్పత్రి ప్రారంభించారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వైద్యుల చేతిలో ఉన్న ముఖ్యమైన మందు హిడ్నోకార్పస్ గింజల నూనె. దాన్ని నెలల తరబడి సూదితో ఎక్కించేవారు. ఎంతో నొప్పి, అంతంత మాత్రం గుణం. వంకరపోయిన వేళ్ళను సరిచేసే శస్త్రచికిత్సను వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ మొదలుపెట్టింది 1940ల చివర్లోనే.

మీరు అంత కష్టపడనక్కరలేదు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స నేడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. జబ్బు రకాన్ని బట్టి 6 లేక 12 నెలలు వాడితే చాలు. ఇది వంశపారంపర్యం కాదు. పిల్లవాణ్ణి బడి మాన్పించవద్దు.

పిల్లలకు స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా చూడండి. పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ మీద దూది తాకితే తెలుస్తోందా? చిటికెన వేలు వంగిపోతోందా? నడకలో పాదం ఈడుస్తున్నాడా? వెంటనే డాక్టరుకు చూపించండి. నరం దెబ్బతిన్న ఆరు నెలల లోపు వస్తే చాలామందికి బలం తిరిగి వస్తుంది. స్పర్శ తగ్గిన పాదాన్ని రోజూ రాత్రి పరీక్షించాలి. మెత్తటి అట్ట, వెనక పట్టీ ఉన్న చెప్పులు తొడగాలి. చెరకు మోడు గుచ్చుకున్నా ఆ పాదానికి తెలియదు.

ఈసారి మీవాడు చెప్పు పోగొట్టుకుని వస్తే చెయ్యెత్తకండి. ముందు పాదం చూడండి.