చాప, పంక్తి, పిడికెడు బియ్యం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదరణ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. గుమ్మంలోకి వచ్చిన కొత్త మనిషిని చేర్చుకోవడం ఆదరణ. చావు జరిగిన ఇంట్లో నలుగురూ కూడి ప్రార్థన చేయడం ఆదరణ కూడిక. రెండింటికీ ఒకే మాట సరిపోవడంలో వింత లేదు. కొత్తగా మందిరం మెట్లెక్కే మనిషి చాలాసార్లు ఏదో ఒక దుఃఖాన్ని వెంటబెట్టుకునే ఎక్కుతాడు. సంఘం విలువలేమిటని అడిగితే పెద్దలు ఆరాధన, వాక్యం, ప్రార్థన, సహవాసం, కానుక, పరిచర్య అని వరసగా చెబుతారు. మొదటి మూడూ వేదిక మీద జరుగుతాయి, వాటికి లోటు లేదు. సహవాసం నేల మీద జరుగుతుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరితో ఎవరు తిన్నారు అన్న దగ్గరే సంఘం ఎవరిని చేర్చుకుందో, ఎవరిని గుమ్మంలోనే ఆపిందో తేలిపోతుంది.

పల్లె ప్రార్థన మందిరంలో చెప్పులు బయట, చాపలు లోపల. ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు, ముందు పిల్లలు. ఆలస్యంగా వచ్చిన మనిషికి ఉన్నవాళ్లు కాస్త జరిగి చోటిస్తారు. చాప మీద హోదా నిలవదు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి ముసలివాళ్ల మోకాళ్లకు మేలు చేశాయి, అంతవరకు బాగుంది. ఆ కుర్చీల ముందు తెల్లగుడ్డ పరిచిన సోఫాలు వేసి, నాయకుడికో కాంట్రాక్టరుకో అట్టేపెట్టడం మాత్రం తప్పు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం సరిగ్గా దీని మీదే ఉంది. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని నిలబడమనో కింద కూర్చోమనో చెప్పే సంఘాన్ని అది గట్టిగా నిలదీస్తుంది. ఆ అధ్యాయం చదివే మందిరంలో ఆ సోఫాలకు చోటు ఉండకూడదు.

పలకరింపు విషయంలో తెలుగు సంఘాలు మెరుగు. "వందనాలండి" అన్న మాట కాపరికీ కూలికీ ఒకటే. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు అంటారు, పెద్దవాళ్లూ అదే మాట తిరిగి అంటారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం ఏర్పరచుకున్నారు. ఆ సంఘం 1950లో తెచ్చిన ఆరాధన క్రమంలో సమాధానం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఉంది. ఒకరి కుడి అరచేతిని మరొకరి కుడి అరచేతికి ఆనించి, ఎవరి ఎడమచేతిని వారు ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. కేరళ సిరియను క్రైస్తవుల నుంచి తీసుకున్న ఈ ఆచారం బల్ల దగ్గర మొదలై వరసల వెంట చివరి మనిషి దాకా సాగుతుంది. ఒకరినొకరు తాకకుండా తరాలు గడిపిన దేశంలో ప్రతి సంస్కారపు ఆరాధనలోనూ తాకితీరాలని ఒక క్రమం నిర్దేశించింది. దీని విలువ ఎంత చెప్పినా తక్కువే.

అన్నం పెట్టడం ఒకటి, కలిసి తినడం ఇంకొకటి. పెట్టిన చరిత్ర తెలుగునాట మిషనరీలకు దండిగా ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మెదక్‌లో మిషనరీ పోస్నెట్ కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన పెద్ద చర్చి కూడా కరువులో పనికి అన్నం పెట్టిన కట్టడంగానే జనం నోట నిలిచింది. ఇవి గొప్ప పనులు. అయితే పెట్టేవాడు ఒక పక్క, తినేవాడు ఒక పక్క ఉన్న పనులు.

ఆ లోటును సూటిగా చెప్పినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతం నుంచి తెలుగు నేలకు సేవకు వచ్చిన ఆయన 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవారి ఎదుటే, మీ త్యాగం తెలుసు, ఇప్పుడు మాకు స్నేహితులు కావాలి అనే అర్థంలో మాట్లాడాడు. చాలామందికి అది రుచించలేదు. 1912 చివర ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుడి మండపాల తరహా స్తంభాలు, మసీదుల తరహా గుమ్మటాలు కనిపిస్తాయి. ఇరుగుపొరుగు గుర్తుపట్టగలిగిన కట్టడం కూడా ఒక పిలుపే.

కలిసి తినడం దగ్గరే సంఘం మొదటినుంచీ తడబడింది. కొరింథులో కొందరు ముందే తిని లేచిపోతే పేదవాళ్లు ఆకలితో మిగిలారని పౌలు తన పత్రికలో మండిపడ్డాడు. తెలుగు పల్లెల్లో ఆ తడబాటుకు కులం తోడైంది. ఒకే ఊళ్లో మాలపల్లెకో మందిరం, మాదిగపల్లెకో మందిరం ఇప్పటికీ ఉన్నాయి. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన నేల ఇది. అలాంటి చోట ప్రభు బల్ల దగ్గర ఒకే పాత్ర చేతులు మారడం మామూలు సంగతి కాదు. టీకొట్టులో విడిగా వేలాడిన గ్లాసుకు అది నేరుగా చెప్పిన జవాబు. శుభ్రత కోసమని ఇప్పుడు చాలా సంఘాల్లో ట్రే నిండా చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. జబ్బుల భయం నిజమే, వైద్యులు చెప్పేదీ నిజమే. అయినా ఎవరి గ్లాసు వారిదయ్యాక ఆ జవాబు వినపడకుండా పోయింది. దాన్ని ఇంకెక్కడైనా చెప్పి తీరాలి. చెప్పడానికి పంక్తిని మించిన చోటు లేదు.

ఆ పంక్తిని బక్త్ సింగ్ సహవాసాలు నిలిపాయి. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశంలో ఇంజనీరింగు చదువుతూ క్రైస్తవుడైనవాడు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సహవాసాలు ఆయన చేతుల మీదుగా మొదలయ్యాయి. ఆదివారం ఆరాధన గంటల తరబడి సాగేది, ముగిశాక ప్రేమవిందు. కులం, చదువు, జీతం అడగకుండా నేల మీద బారులు తీరి అందరూ అదే అన్నం, అదే కూర తినేవారు. గురుద్వారాలో అందరూ కలిసి కూర్చుని తినే లంగరును ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు.

ఆ అన్నానికి బియ్యం ఎక్కడివన్నదీ తెలుసుకోదగిన సంగతే. తెలుగు పల్లె సంఘాల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. వారం తిరిగేసరికి కుండ మందిరానికి చేరేది. కోత పండుగనాడు గుమ్మడికాయలు, కోడిపెట్టలు, గుడ్లు, వడ్లు కానుకలుగా వచ్చేవి, ఆరాధన తర్వాత వాటిని వేలం వేసేవారు. కాపరి జీతం, వచ్చిపోయేవాళ్ల భోజనం చాలావరకు వీటితోనే గడిచేవి. పిడికెడు తీసిన ఇంట్లో ఆ పూట ఒక ముద్ద తగ్గేది. ఇప్పుడు కానుకలు ఫోన్లలో వస్తున్నాయి, ఇచ్చినవారి పేర్లు పాలరాతి మీద ఎక్కుతున్నాయి. కుండ కనిపించే ఇళ్లు తక్కువ.

కొత్త మందిరానికి ప్లాను గీయించే సంఘ పెద్దలు వేదిక కొలతలకంటే ముందు వంటసాలకూ, అందరూ ఒకేసారి కూర్చుని తినే వసారాకూ చోటు గుర్తు పెట్టించాలి.