మోషే వాళ్ల డాడీ

16 ఫిబ్రవరి 2025, ఆదివారం. మిర్యాలగూడ

సండే స్కూల్లో ఇవాళ మోషే కథ. గుడి నుంచి వస్తుంటే సాగర్ కాలువ కనబడింది. బండి మీద ముందు కూచున్న చిన్నోడిది నీళ్లలో పెట్టె కోసం వెతుకులాట. వెనక నుంచి పాప అడిగింది: "డాడీ, మోషే వాళ్ల డాడీ ఏడున్నడు?"

ఇంటికొచ్చి నిర్గమకాండం తెరిచాను. రెండో అధ్యాయం మొదట్లో లేవి వంశస్థుడొకడు పెళ్లి చేసుకున్నాడని ఉంది. ఆ తర్వాత ఆ మనిషి ఊసే లేదు. దాచింది తల్లి. జమ్ము పెట్టెకు కీలు పూసింది తల్లి. ఒడ్డున కాపలా అక్క. అమ్రాము అన్న పేరు ఆరో అధ్యాయం వంశావళిలో గాని దొరకదు. హెబ్రీ పత్రిక 11లో మాత్రం తల్లిదండ్రులిద్దరూ కలిసి దాచినట్టుంది. అదే చెప్పాను.

"తర్వాత?" అంది.

పనికి పోయుంటాడన్నాను. ఐగుప్తులో వాళ్లందరిదీ ఇటుకల పనే కదా.

2 మార్చి, ఆదివారం. సూర్యాపేట

పాప ప్రశ్న చెబితే అమ్మ నవ్వింది. "మీ నాయన మాత్రం ఏడున్నడు?" అంది.

నిజమే. నాన్న సంఘ పెద్ద, గుడిలో ముందు వరుస. ఇంట్లో వాక్యం నేర్పింది అమ్మా, నాయనమ్మా. నాయనమ్మకు అక్షరం రాదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడీ పాడీ సగం బైబిలు ఆమెకు నోటికొచ్చేది. మిషన్ చరిత్రలో 1890లో నల్గొండకొచ్చిన ఏబ్రహాం ఫ్రీసెన్ ఉంటాడు, తర్వాత మా పేటకొచ్చిన హ్యూబర్ట్ ఉంటాడు. రష్యాలో పుట్టిన మెన్నొనైట్లు, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద ఇక్కడ తేలారు. వాళ్ల పేర్లు తెలుసుకోవడం తేలిక. ఊరూరా నడిచి ఇళ్లలో ఆడవాళ్లకు కథలు చెప్పిన బైబిల్ ఉమెన్ పేర్లు ఎవరినడగాలి?

తిమోతి సంగతీ అంతే. అవ్వ లోయి, తల్లి యునీకే అని పౌలు పేర్లు పెట్టి రాశాడు. తండ్రి గ్రీసు దేశస్థుడు. అపొస్తలుల కార్యాల్లో ఆ ఒక్క ముక్కతో సరి.

30 మార్చి, ఆదివారం, ఉగాది. కోదాడ

హుజూర్‌నగర్ మీదుగా అత్తగారింటికి. పక్కింటివాళ్లు పచ్చడి పంపారు.

మామయ్య లారీ నడిపిన మనిషి. ద్వితీయోపదేశకాండం 6లో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలకు చెప్పమని ఉంది కదా, మీరెప్పుడు చెప్పారని అడిగాను. "ఇంట్ల కూసున్నదెప్పుడయ్యా? దారి ఒక్కటే నాకు దక్కింది" అన్నాడు. వేసవి సెలవుల్లో బామ్మర్దిని క్యాబిన్‌లో ఎక్కించుకుని విజయవాడ దాకా కథలే కథలట. బామ్మర్దికి ఇప్పటికీ కథలు ఊళ్లవారీగా గుర్తు. చిల్లకల్లు దగ్గర అన్నలు యోసేపును అమ్మేస్తారు. నందిగామ రాగానే చెరసాల. కీసర దగ్గర మున్నేరు వంతెన ఎక్కితే ఎర్ర సముద్రం. సండే స్కూలు పుస్తకాల్లోని రంగుల బొమ్మలకన్నా ఇది గట్టి చదువని నాకనిపించింది. మామయ్య పొగిడించుకోడు. "నిద్ర రాకుండ చెప్పుకున్న, అంతే" అన్నాడు.

11 ఏప్రిల్, శుక్రవారం. మిర్యాలగూడ

యాసంగి వడ్లు దిగుతున్నాయి. మిల్లు ముందు ట్రాక్టర్ల వరస. లెక్కలు చూసుకుని ఇల్లు చేరేసరికి చిన్నోడు నిద్రపోయాడు, పాప మేలుకునే ఉంది. ఈ వారం ఆదికాండం 22: అబ్రాహాము, ఇస్సాకు. చివరికి పొట్టేలు దొరుకుతుందని ముందే చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పలేదు. కట్టెలు మోస్తూ పిల్లాడు గొర్రెపిల్ల ఏదని తండ్రినడిగే చోట పాప లేచి కూచుంది.

"నువ్వు కూడ నన్ను కడతవా?"

"కట్టను."

"దేవుడు అడిగితే?"

"అడిగినా కట్టను."

వంటింట్లోంచి మా ఆమె నావైపు చూసింది. విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాడి కథ చెబుతూ తండ్రి ఇచ్చే జవాబా ఇది అని ఆ చూపు. ఇంకో జవాబు నాకు లేదు. పొట్టేలు దాకా చెప్పాను. పాప ఊరుకుందనుకుని దీపం ఆర్పబోతే మళ్లీ అడిగింది, పొద్దున బయలుదేరేటప్పుడు అబ్రాహాము శారమ్మకు చెప్పి పోయిండా అని.

అధ్యాయమంతా రెండుసార్లు చూశాను. శారా పేరే లేదు. పాస్టర్ గారిని అడుగుదామంటే శుభ శుక్రవారం ముంచుకొస్తోంది, ఆయన ఏడు మాటల ఆరాధన పనుల్లో ఉన్నారు. ఈస్టర్ అయ్యాక అడగాలి.