దిక్కు తెలియాలి

ఈ వారం నా మాట "దిక్కు". తెలుగులో దిక్కు అంటే వైపు, దిక్కు అంటే ఆసరా కూడా. "నాకెవరు దిక్కు?" అంటాం కదా. రెండింటికీ ఒకే మాట ఎందుకో రియాద్‌లో మా మనవడితో తిరిగాక నాకు అర్థమైంది.

వాడికి పదేళ్లు. ఫోన్‌లో మ్యాప్ బాగా చూస్తాడు. నీలం చుక్క ఎటు కదిలితే అటు నడుస్తాడు. కానీ "మన ఇల్లు ఇక్కడినుంచి ఏ వైపు?" అని అడిగితే చెప్పలేడు. పుట్టినప్పటినుంచి కారు వెనక సీట్లో తిరిగిన పిల్లవాడు మరి.

2024 డిసెంబరులో రియాద్ మెట్రో మొదలైంది. ఆరు లైన్లు, 85 స్టేషన్లు, 176 కిలోమీటర్లు. వాడికి లైన్ల రంగులన్నీ కంఠతా వచ్చు. అయితే మెట్రో పటం స్టేషన్ దాకానే. పైకి వచ్చాక ఎటు తిరగాలో అది చెప్పదు. మా అమ్మాయి భయం కూడా అదే. "ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే వీడేం చేస్తాడమ్మా?" అంటుంది.

నేను సేవ చేసే గుడిలో పండగ రోజు పిల్లలకు ఒకటే చెబుతాం: తప్పిపోతే ధ్వజస్తంభం దగ్గర నిలబడండి. రియాద్‌లో అలా దూరంనుంచి కనిపించేవి రెండున్నాయి. కింగ్‌డమ్ టవర్ 302 మీటర్లు, పైన పెద్ద కన్నం. ఫైసలియా టవర్ 267 మీటర్లు, పైన గాజు గోళం. కన్నం ఉన్నది ఉత్తరాన, గోళం ఉన్నది దక్షిణాన. రెండూ కనిపిస్తే నాలుగు దిక్కులూ తెలిసినట్టే.

టవర్లు కనిపించని సందుల్లో మసీదు ఉంటుంది. రియాద్‌నుంచి మక్కా నైరుతి వైపు. కాబట్టి నమాజు చేసేవాళ్లు నైరుతికి తిరుగుతారు. జెద్దాలో అయితే తూర్పుకి, మదీనాలో దక్షిణానికి. "హైదరాబాదులో?" అన్నాడు వాడు. పటం తెచ్చుకుని, "పడమరకి!" అని తనే చెప్పాడు.

నీడ చూడటం కూడా నేర్పాను. ఉదయం నీడ పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు. జూన్ నెల మధ్యాహ్నం మాత్రం అక్కడ నీడ కాళ్ల కిందే ఉంటుంది, పనికిరాదు. ఇంటి నేషనల్ అడ్రస్ నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. అదీ నేర్చుకున్నాడు. దారి అడగాల్సి వస్తే చెప్పడానికి ఒకటుండాలి కదా.

మొన్న శుక్రవారం సాయంత్రం బత్హా బజారుకు వెళ్లాం. సెలవు రోజు, కాలు పెట్టే చోటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఫోన్ మా అమ్మాయి సంచిలో వేసుకుంది. వాణ్ణి ముందు నడవమన్నాం. ఒక సందు తప్పు తిరిగాడు. మేం నోరు మెదపలేదు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు ఆగి, చుట్టూ చూసి, వెనక్కి వచ్చాడు.

"అమ్మమ్మా, వచ్చేటప్పుడు మసీదు ఎడమ చేతి వైపు ఉంది. ఇప్పుడు కుడి చేతి వైపు ఉండాలి" అన్నాడు.

దాన్ని కుడి వైపు పెట్టుకుని, మమ్మల్ని స్టేషన్‌కు తీసుకెళ్లాడు.

ఈ లెక్క వాడికి నేను చెప్పలేదు. నీలం చుక్కా చెప్పలేదు. ఫోన్ లేనప్పుడు పిల్లవాడికి వాడి కళ్లే దిక్కు. వాటిని వాడనిస్తేనే అలవాటవుతాయి. మనం పక్కన ఉన్నప్పుడే తప్పు తిరగనివ్వాలి, తనే వెనక్కి రానివ్వాలి.

ఒంటరిగా పంపడానికి మా అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు. తొందరేమీ లేదు. వచ్చే శుక్రవారం వెళ్లేటప్పుడు కూడా వాడే ముందు నడుస్తాడు.