ఆగినప్పుడే పడుతుందట!

వారం రోజులుగా మా ఇంట్లో మాటల్లేవండీ. అంటే నాకు ఉన్నాయి, మిగిలిన ఇద్దరికే లేవు. "అమ్మా, కారు తాళాలు ఎక్కడున్నాయో డాడీని అడుగు" అని వాడు. "నీ కొడుకు తిన్నడో లేదో అడుగు" అని ఈయన. ముగ్గురం ఒకే టేబుల్ దగ్గరే కూర్చుని ఉంటాం. ఈ వయసులో నాకు జీతం లేని రాయబారం ఉద్యోగం!

గొడవ మీరు ఊహించిందే. ఆగస్టు మొదట్లో మా వాడికి హయ్యర్స్ ఫలితాలొచ్చాయి. ఇక్కడ స్కాట్లండ్‌లో మన ఇంటర్ లాంటిదన్నమాట. అన్నీ ఏలే. ఆ సాయంత్రమే ఈయన వరంగల్‌కి ఫోన్ చేసి "మనోడు డాక్టరే" అని చెప్పేశారు. మెడిసిన్ అప్లికేషన్‌కి అక్టోబరు 15 గడువు, దానికి ముందు యూక్యాట్ అని ఒక పరీక్ష. పుస్తకాలు కూడా వచ్చేశాయి. మా వాడు ఆ పుస్తకాల కట్ట విప్పకుండానే, "నేను సముద్రం చదువుతాను" అన్నాడు. మెరైన్ సైన్స్ అట.

"చేపలు పట్టుడు చదువా? దానికి గ్లాస్గో దాకా రావాల్నా?" అన్నారీయన. "అంతా మీ గోదావరి రక్తం" అని ఆ తప్పు నా ఖాతాలో వేశారు. నాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఈయనకి చేప వాసనే పడదు. మా పెళ్ళైన కొత్తలో నేను పులుసు పెడితే కిటికీలు తీసుకుని కూర్చున్న మనిషి.

మా వాడికి ఈ చేపల పిచ్చి పదకొండో ఏట పట్టింది. స్నేహితుడి నాన్నగారు ఒకసారి తీసుకెళ్ళారు, అంతే. వాడిది లూర్ ఫిషింగ్. వానపాములూ కప్పలూ గుచ్చే మన గాలం కాదు. రేకుతో, రబ్బరుతో, చెక్కతో చేసిన దొంగ చేపపిల్ల. దాన్ని దూరంగా విసిరి, నీళ్ళలో నిజం చేపలా ఆడిస్తూ వెనక్కి లాగాలి. కూర్చుని ఎదురుచూసే పని కాదు, రోజంతా విసరడం, లాగడం, నాలుగడుగులు నడవడం.

జూన్‌లోనే, గొడవకి ముందే, ఆగస్టు చివరి శని ఆదివారాలకి ఓబన్ దగ్గర చిన్న ఇల్లొకటి అద్దెకి తీసుకున్నాం. డబ్బు వెనక్కి రాదు. అందుకని వెళ్ళాం. లేకపోతే వెళ్ళేవాళ్ళం కాదు. దారిలో ఎక్కడెక్కడ ఆగాలో మా వాడే రాసిచ్చాడు. నేను పోపులపెట్టె, చింతపండు, బియ్యం సర్దుకున్నాను.

మొదట లాఖ్ లోమండ్. ఇక్కడి వాళ్ళు గొంతులోంచి "ఖ్" అంటారు, మాకు ఇన్నేళ్ళకీ రాలేదు. మంచినీళ్ళ సరస్సుకీ అదే మాట, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకీ అదే మాట. లోమండ్ మంచినీటిదే, బ్రిటన్ ద్వీపంలో వైశాల్యంలో అన్నిటికన్నా పెద్దది. తెల్లవారి ఏడుకి చేరేసరికి సన్నటి వాన, మిడ్జెస్ అనే చిన్న దోమల దండు. మన దోమ నయం, ఒకటొకటిగా వస్తుంది. ఇవి మేఘంలా వచ్చి కనుబొమల్లో దూరతాయి. మా వాడు చిన్న తిరుగుడు రేకు కట్టి విసిరితే అరగంటలో రెండు పర్చ్ చేపలు పడ్డాయి. అరచేయంత ఉంటాయేమో, ఒంటిమీద పులిచారలు, ఎర్రటి రెక్కలు, వీపుమీద ముళ్ళు. రెంటినీ వదిలేశాడు. ఈయన కారు దిగలేదు.

ఆరొకర్ దాటాక కొండ మీదికి ఎక్కే దారికి "రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్" అని పేరు. 1740లలో ఆ దారి వేసిన సైనికులు పైన ఒక రాయి పాతి దానిమీద ఈ మాటలు చెక్కారట. ఆగు, ఊపిరి పీల్చుకో, దేవుడికి దణ్ణం పెట్టుకో అన్నట్టు. మేమూ ఆగాం. ఫ్లాస్కులో టీ ముగ్గురికీ పోశాను. ఇద్దరూ చెరో వైపు తిరిగి కొండల్ని చూస్తూ తాగారు. ఇంకేం దణ్ణం పెట్టుకోను!

మధ్యాహ్నానికి లాఖ్ ఆ చేరాం. నలభై కిలోమీటర్లకి పైగా పొడుగు, ఒక కొసన నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన నేలమీద కూలిపోయిన కిల్‌కర్న్ కోట. మా వాడు ముందే పర్మిట్ కొనుక్కున్నాడు. ఇక్కడ సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, మంచినీళ్ళలో చేపలు పట్టే హక్కు ఎవరిదైతే వాళ్ళ అనుమతి ఉండాలి. వాడు వెతికేది పైక్ కోసం. మొసలికి చెల్లెల్లా పొడుగు మూతి, నోటి నిండా సూదులు. మామూలు దారం కొరికేస్తుందని చివర సన్నటి తీగ కట్టాడు.

గంట గడిచింది. ఈయన కారు దిగి, గొడుగు కింద నా పక్కన నిలబడ్డారు. వాడు రెండో కర్ర తెచ్చి, ఈయన వైపు చూడకుండా నా చేతికిచ్చాడు. నేను ఈయన చేతికిచ్చాను. రాయబారం అలవాటైపోయిందిగా.

ఆయన విసిరారు. మొదటిది మా వెనక చెట్టుకి, రెండోది మా ముందు బురదలోకి, మూడోది నీళ్ళలోకి. ఇక లాగడం మొదలుపెట్టారు చూడండి, ఆఫీసుకి ఆలస్యమైనట్టు! వాడు కాసేపు ఓర్చుకున్నాడు. ఇక పట్టలేక, "ఆపండి డాడీ! లాగుతూనే ఉంటే ఎట్లా? కొంచెం లాగి ఆపండి. ఆగినప్పుడే అది వచ్చి కొడుతుంది" అన్నాడు.

తొమ్మిది రోజుల్లో నేరుగా మాట్లాడుకున్న మొదటి మాట అదే. నేను గొడుగు సర్దుకుంటున్నట్టు నటించాను.

పైక్ పడింది మాత్రం వాడికే. రెండడుగులుంటుంది. ఒడ్డుకొచ్చాక వాడు చేసిన పని చూడాలి మీరు. తడి చాప పరిచి, చేతులు తడుపుకుని (పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటిమీద జిగురు పోయి దానికి జబ్బు చేస్తుందట), మొప్పల అంచు దగ్గర పట్టుకుని, పొడుగు పటకారుతో ఆ సూదిపళ్ళ మధ్యనుంచి గాలం తప్పించాడు. నిమిషం పట్టలేదు, చుక్క రక్తం రాలేదు. మళ్ళీ నీళ్ళలో పెట్టి, అది తనంతట తాను తోక ఆడించి వెళ్ళేదాకా పట్టుకునే ఉన్నాడు.

"ఏం చేతులు! సర్జన్ చేతులు" అన్నారీయన నాతో మెల్లగా. మెచ్చుకోలో బాధో నాకర్థం కాలేదు. రెండూనేమో.

సాయంత్రం ఓబన్ దగ్గర సముద్రపు రాళ్ళమీదికి వెళ్ళాం. ఆగస్టులో మాకెరెల్ గుంపులుగా తీరానికి వస్తాయి. ఒక్క దారానికి నాలుగైదు గాలాలు, వాటికి ఈకలు. రెండు మూడు విసుర్లకే ఒకేసారి మూడు తళతళలాడుతూ వచ్చాయి. చూడగానే నా ప్రాణం లేచొచ్చిందండీ. ఇవి మన కానాగంతల చుట్టాలే కదా! ఆకుపచ్చ వీపు, నల్లటి అలల గీతలు. "ఆరు చాలు" అన్నాను, వాడు ఆరు పట్టి ఆపేశాడు.

ఆ రాళ్ళమీదే కూర్చుని కడుపు చీల్చి శుభ్రం చేశాను. వాడు పక్కన కూర్చుని చూస్తూ, "అమ్మా, ఆ ఎర్రగా ఉన్నదేంటో తెలుసా?" అన్నాడు. "మొప్ప. ఆ దువ్వెన పళ్ళలాంటివి గిల్ రేకర్స్, తిండిని వడకడతాయి" అన్నాను. వాడు నోరు తెరిచాడు. "నీకెలా తెలుసు?"

ఎలా తెలుసో వాడికి పదిహేడేళ్ళలో నేనెప్పుడూ చెప్పలేదు. బీయస్సీ జువాలజీ చదివాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు కూడా వచ్చింది. అదే నెలలో పెళ్ళి కుదిరింది. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, బలవంతం చేయలేదు. అడగలేదు, అంతే. "ఇంక దేనికిలే" అన్నారు నాన్న, నేనూ "ఔను, దేనికిలే" అనుకున్నాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా పట్టుచీరల కింద ఉంది.

ఆ రాత్రి అద్దింట్లో చింతపండు పులుసు పెట్టాను. మెంతులు వేయించి పొడి కొట్టడానికి రోలు లేదు, టీ కప్పు అడుగుతో నూరాను. ఈయన కిటికీ తీయలేదు. బయట మిడ్జెస్ ఉన్నాయిలెండి. కానీ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఆదివారం పొద్దున్న మా వాడు, "దారిలో ఒక్క చోట ఆగుదాం" అన్నాడు. డన్‌స్టాఫ్‌నేజ్. సముద్రం ఒడ్డున పాత కోట, దాని దగ్గర్లో కొత్త భవనాలు. స్కాటిష్ అసోసియేషన్ ఫర్ మెరైన్ సైన్స్. వాడు చదువుతానన్నది అక్కడే! దారంతా వాడే ఎందుకు రాసిచ్చాడో అప్పుడర్థమైంది మాకు. ఒక్కొక్క చోట ఆపుతూ, మమ్మల్ని మెల్లగా ఇక్కడికి లాక్కొచ్చాడన్నమాట.

సెలవు రోజు, అంతా మూసి ఉంది. బయటే నిలబడి వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ సంస్థ మూలం 1884లో సర్ జాన్ ముర్రే అనే ఆయన పెట్టిన సముద్ర పరిశోధన కేంద్రం. 1872 నుంచి 1876 దాకా ఛాలెంజర్ ఓడలో ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి పరిశోధించినవాళ్ళలో ఆయన ఒకరు. తర్వాత తోటివాళ్ళతో కలిసి స్కాట్లండ్‌లో 562 లాఖ్‌ల లోతు కొలిపించారు. నిన్న మేం నిలబడ్డ లోమండ్, ఆ కూడా వాటిలో ఉన్నాయి. లోమండ్ లోతైన చోట 190 మీటర్లట.

"ఆయన ఎడింబరాలో మెడిసిన్‌లో చేరాడు డాడీ. డిగ్రీ తీసుకోలేదు."

ఈయన కాసేపు నీళ్ళవైపు చూసి, "వాళ్ళ నాయిన ఏమన్నడో" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, వాడికీ వచ్చింది, కానీ ఈయన నవ్వలేదు. "నా భయం నీకు తెల్వదురా. ఒక్క సూట్‌కేసుతో వచ్చినం. నీకు పని దొరకకపోతే అడగనీకి మనకిక్కడ ఎవరున్నరు?" అన్నారు. కోపం కాదు అది. ఆ మాట ఇన్నాళ్ళూ నాక్కూడా చెప్పలేదాయన.

మామూలుగా అయితే అక్కడ నేను ఇద్దరికీ సర్దిచెప్పి కారెక్కించేదాన్ని. ఆ రోజు ఎందుకో అలా చేయలేదు. "ఏమండీ, నాకు సీటొచ్చినప్పుడు నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. మీరూ అడగలేదు, మీకు తెలియదు కాబట్టి. నా సంసారం నాకు బాగానే ఉంది, మీమీద నాకే కష్టమూ లేదు. కానీ నా కొడుకుని అడక్కుండా మాత్రం వదలను" అన్నాను. గొంతు వణికింది. ఇద్దరూ నన్నే చూశారు, కొత్త మనిషిని చూసినట్టు.

ఎవరూ ఏమీ అనలేదు. కారెక్కాం.

కొద్ది దూరంలో కానెల్ వంతెన దగ్గర ఈయనే ఆపారు. కింద ఫాల్స్ ఆఫ్ లోరా. సముద్రం పోటు తీసేటప్పుడు లాఖ్ ఎటివ్‌లోని నీళ్ళు ఇరుకుదారిన, రాళ్ళ మీదుగా సముద్రంలోకి దూకుతాయి. పోటు మళ్ళగానే నీళ్ళు తిరిగి లోపలికొస్తాయి. తండ్రీకొడుకులిద్దరూ కమ్మీ పట్టుకుని చూస్తున్నారు. "ఇక్కడ సాల్మన్ పట్టొద్దా?" అని ఈయన. "ఆదివారం సాల్మన్ పట్టకూడదు డాడీ, చట్టం" అని వాడు. "అవి మన పులసల్లాగే, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతాయి" అని నేను. ఎవరూ నన్ను మధ్యలో పెట్టుకోకుండా మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. నాకదే చాలనిపించింది.

ఏమైంది అంటారా? మా వాడు యూక్యాట్ రాస్తానని ఒప్పుకున్నాడు. ఈయన ఆ కాలేజీకి వెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడి, చదివినవాళ్ళు ఏం పనులు చేస్తున్నారో కనుక్కుంటానన్నారు. అప్లికేషన్‌లో అయిదు కోర్సులు పెట్టుకోవచ్చు, అందులో మెడిసిన్ నాలుగే పెట్టాలని నియమం. నిన్న రాత్రి ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. "అయిదోది ముందు నింపు" అన్నారీయన. వాడు నింపాడు. మిగిలిన నాలుగూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

నేను లోపలికెళ్ళి పట్టుచీరల కింది ఉత్తరం తీసి, మడతలు పడ్డచోట సాఫు చేసి, మా వాడి బల్లమీద పెట్టాను. పొద్దున్న చూస్తే దానిమీద బరువుకి ఓ చిన్న తిరుగుడు రేకు పెట్టి ఉంది.