ఉపన్యాసం నాది, వణుకు పిల్లది

తమిళనాడులో ధర్మపురి జిల్లా తుంబలహళ్లి డ్యాము వైపు పల్లెల్లో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. 2006 నాటి చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయ్యాక, మైకు ముందు నిలబడితే వాళ్ల నాలుక ఇంకాస్త ముడుచుకుపోయేది. ఆ బెరుకు పోగొట్టే మొనగాణ్ని నేనేనని అప్పట్లో నా నమ్మకం. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినవాణ్ని. పిల్లలకు ప్రైజొస్తే నాకు పేరొస్తుందన్న ఆశ కూడా లేకపోలేదు.

ఒకసారి నీటి పొదుపు మీద వక్తృత్వ పోటీ పెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లనొకదాన్ని ఎంచుకున్నాను. తమిళంలో ఉపన్యాసం నేనే రాశాను. సింధు నాగరికతతో మొదలుపెట్టి, ఆకాశగంగను కిందికి దింపి, ప్రాసలు కుదిర్చి, చదువుకుని నాకు నేనే మురిసిపోయాను. దాన్ని ఆ పిల్ల చేత బట్టీ పట్టించాను. ఎక్కడ చెయ్యెత్తాలో, ఎక్కడ గొంతు పెంచాలో కూడా నేర్పాను. స్టేజీ ఎక్కేముందు వెన్నుతట్టి, "భయపడొద్దు, అందరూ నిన్నే చూస్తుంటారు" అన్నాను. ధైర్యం చెప్పాననే అనుకున్నాను!

మధ్యలో ఒక్క మాట జారింది. అంతే, ఆ తర్వాతిదంతా పోయింది. చున్నీ కొస నలుపుతూ పైకప్పు వంక చూసింది. కింది నుంచి నేను పెదాలు కదిపి మాట అందించబోయేసరికి ఉన్న కాస్త నిబ్బరమూ పోయి, దణ్ణం పెట్టి దిగిపోయింది. సరిగ్గా బట్టీ పట్టలేదని కసిరాను కూడా.

సాయంత్రం బస్సు కోసం నిలబడితే, అదే పిల్ల తోటివాళ్లకు ఏదో చెబుతోంది. డ్యాములో నీళ్లు అడుగంటాక తమ బావి ఏమైందో, టమాటా పెట్టెలు పాలక్కోడు మండీకి ఎందుకు తగ్గాయో. "మా నాయన మోటారు ఇంకా కిందికి దించినాడు. నీళ్లు చాలకుంటే పూత నిలుస్తుందా?" చేతులు వాటంతటవే లేస్తున్నాయి. ఎవరో అడ్డం వస్తే జవాబిచ్చి, ఆపిన చోటే అందుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. నీళ్ల గురించి ఆ పిల్లకు తెలిసినదాంట్లో పావు వంతు నాకు తెలియదు. దాని బావిని పక్కన పెట్టించి సింధు నదిని అప్పజెప్పమన్నాను.

గాంధీగారు ఇంగ్లండులో చదివే రోజుల్లో, శాకాహారుల సభలో ఒక ఫుల్‌స్కేప్ కాగితమంత ప్రసంగం చదవలేక వణికిపోయారు. మిత్రుడు చదివిపెట్టాడు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఈ కథ క్లాసులో ఎన్నోసార్లు చెప్పినవాణ్నే. కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ధైర్యం రాదన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఆ తర్వాత రాసివ్వడం మానేశాను. నువ్వు చూసింది చెప్పు, ముందు పక్క బెంచీ నేస్తానికి, తర్వాత నలుగురికి, ఆ తర్వాతే క్లాసుకి అన్నాను. మొదటి వాక్యం గట్టిగా పట్టుకో, మిగతాది మూడు ముక్కలుగా గుర్తుంచుకో, తమిళం మాట తట్టకపోతే తెలుగులో అనేసి సాగిపో అన్నాను. "భయపడకు" బదులు, "నీ గుండె దడ నీకు తెలిసినంత మాకు తెలియదు" అనడం నేర్చుకున్నాను. ఇది ఉత్త ఓదార్పు కాదు. అమెరికాలో సవిట్స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఈ సంగతి ముందే విన్న విద్యార్థులు మిగతావాళ్లకన్నా మెరుగ్గా మాట్లాడారు. మా పిల్లలకు వణుకు పూర్తిగా పోలేదు. వణుకుతూనే మాట్లాడారు. అది చాలు.

రేపు ఆగస్టు పదిహేనుకు మీ పిల్ల మాట్లాడాలనుకోండి, కలం మీ చేతిలోకి వచ్చేస్తుంది, నాకు తెలుసు. "నువ్వేం చెప్పాలనుకుంటున్నావు?" అని అడిగి, కాసేపు ఆగండి. అన్నిటికన్నా నాకు కష్టమైంది ఆ ఆగడమే.