రసాయనము - నేను దాటవేసిన పాదము

చరకసంహిత చికిత్సాస్థానమున తొలి అధ్యాయము రసాయనమే. జరను మందగింపజేయు ద్రవ్యములలో ఆమలకికి అగ్రస్థానము. గుడూచి, అనగా మన తిప్పతీగ, మేధ్యరసాయనము. ఉసిరిలోని టానిన్లు ఆక్సీకరణమును అడ్డగించునని నేటి రసాయనశాస్త్రమును చెప్పుచున్నది.

ఇది చదివి, ధర్మవరములో నాన్నగారికి కాలేయరక్ష యగునని తిప్పతీగ కషాయము నేనే కాచి ప్రతిదినము ఇచ్చితిని. మూడవ మాసమున వారి కన్నులు పచ్చబడెను. తిప్పతీగ వలన కొందరి కాలేయము దెబ్బతిన్నదని 2021 నుండి వైద్యపత్రికలలో నమోదులున్నవట. హిందూపురమున వైద్యులు చెప్పువరకు నేనెరుగను. కషాయము మాన్పించిరి.

తిరుగు రైలులో పెనుకొండ కొండ దాటువరకు నాన్నగారు నన్నొక్క మాట అనలేదు. సత్యము, అక్రోధము, వృద్ధసేవ సైతము రసాయనమేనని ఆ అధ్యాయపు చివరి పాదమున ఉన్నది. నేనంతవరకు చదువలేదు. నాన్నగారు ధర్మవరములో దిగుచు, "ఉసిరికాయ పచ్చడి తినవచ్చునా?" అని మాత్రము అడిగిరి.