చీటీపై రెండు అక్షరాలు

గత శరదృతువులో టోక్యో నగరంలో మా కుమారుని ఇంట మూడు నెలలు గడిపే అవకాశాన్ని అల్లాహ్ మాకు ప్రసాదించాడు. హలాల్, హరామ్, ఆ రెంటి నడుమనున్న సందేహాస్పద విషయాల పాఠాన్ని మేము మదరసాలో ఇరవై ఏళ్ళకు పైగా బోధిస్తున్నాము. కర్నూలులో ఆ పాఠం గ్రంథంలోనే ఉండేది. మాంసం అమ్మేవాడు మన మసీదు నమాజీయే కదా! టోక్యోలో మాత్రం అది ప్రతి సాయంత్రం సరుకుల సంచితోపాటు మా చేతికి వచ్చేది.

మొదటిరోజే ఒక రొట్టె పొట్లం తీసుకున్నాము. పిండి, నీరు, ఉప్పు తప్ప అందులో ఏముంటుందని మా ధీమా. కోడలు వెనుకనున్న సన్నని అక్షరాలు చూపి, "అబ్బాజాన్, ఇందులో షార్టెనింగ్ ఉంది. మొక్కల నూనెతో చేసిందో, జంతువుల కొవ్వుతో చేసిందో వ్రాయలేదు" అంటూ తిరిగి అరలో పెట్టింది. మిరిన్ అనే తియ్యని వంట ద్రవంలో మద్యం ఉంటుందని, కొన్ని సోయా సాస్ సీసాలలో సైతం ఆల్కహాలు కలుపుతారని వివరించింది. ఒక చీటీపై రెండు జపనీ అక్షరాలు వ్రాసి ఇచ్చింది: ఒకటి పందికి, ఒకటి మద్యానికి. ఈ వయస్సులో మళ్ళీ అలిఫ్, బే దిద్దినట్లయింది.

మాంసం, బాస్మతి బియ్యం, పప్పుల కోసం రైలెక్కి షిన్-ఓకుబో వెళ్ళేవాళ్ళము. స్టేషను దాపున హలాల్ దుకాణాలున్న సందును 'ఇస్లామ్ వీధి' అంటారు. 1938లో వెలసి, 2000లో పునర్నిర్మితమైన టోక్యో జామీ మసీదు ఆవరణలోనూ హలాల్ అంగడి ఉంది. మిగిలిన రోజులలో చేపలు, గ్రుడ్లు, ముల్లంగి, టోఫూ. రాత్రివేళ చేపలపై సగం ధర చీటీ అంటించే సమయం మా శ్రీమతికి కంఠస్థమైపోయింది!

క్రమంగా మాకు అనుమానం ముదిరింది. ఒకనాడు ఉప్పు పొట్లాన్ని సైతం త్రిప్పి త్రిప్పి చూస్తుంటే కుమారుడు మెల్లగా, "అబ్బా, వస్తువులలో అసలు నియమం అనుమతి, మాంసంలోనే అసలు నియమం నిషేధం అని మీరే కదా నేర్పారు?" అన్నాడు. మా పాఠం మాకే అప్పజెప్పబడింది. సిగ్గుతోపాటు సంతోషమూ కలిగింది.

ఒక సాయంత్రం పొరుగింటి వృద్ధురాలు మా ఏడేళ్ళ మనుమడికి మిఠాయి పెట్టె ఇచ్చింది. వాడు రెండు చేతులా అందుకొని తల్లి వంక చూశాడు. అందులో జెలటిన్ ఉంది. వద్దంటే ఆమె మనస్సు నొచ్చుకుంటుంది. ఉంచుకుంటే పసివాడికి పరీక్ష. మాకు ఊపిరాడలేదు. కోడలు వినయంగా వంగి కృతజ్ఞత తెలిపి, మా ధర్మంలో తినకూడనిదేదో వివరించింది. ఆమె తలవంచి, పెట్టె తీసుకొని వెళ్ళిపోయింది. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

మరునాడు ఉదయం తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. చేతిలో తన పెరటిచెట్టు కాకీ పండ్లు! ఆ మధ్యాహ్నమే మా శ్రీమతి కూరగాయల పులావు వండి వారింటికి పంపింది.

హలాల్ పాటింపు మనుషుల నుండి మనలను దూరం చేస్తుందని భయపడే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే: దాచవద్దు, విసుక్కోవద్దు, మర్యాదగా వివరించండి. ఆ చీటీ నేటికీ మా పాఠ్యగ్రంథంలో, ఆ పాఠం వద్దనే, భద్రంగా ఉంది.